శ్రీకాకుళంలో ఒక కుట్టు క్లాసు: చేరాలనుకునే వాళ్ల కోసం

పాలకొండ రోడ్డులోంచి ఒక సందులోకి తిరిగితే కింద పచారీ కొట్టు, పైన మేడ మీద ఈ కుట్టు క్లాసు. బోర్డు లేదు. మెట్ల పక్క గోడ మీద నీలం రంగుతో 'కుట్టు నేర్పబడును' అని మాత్రం రాసి ఉంటుంది. పేరూ ఫోను నంబరూ ఎక్కడా పెట్టవద్దని టీచరుగారు గట్టిగా చెప్పారు కాబట్టి పెట్టడం లేదు. ఉన్నవాళ్లకే మిషన్లు చాలడం లేదని ఆవిడ బాధ. ఊళ్లో ఉండేవాళ్లు ఆ వీధిలో ఎవరిని అడిగినా మెట్లు చూపిస్తారు.

ముందు డబ్బు సంగతి. మూడు నెలల కోర్సుకు 4,500 రూపాయలు, మొత్తం చేరేటప్పుడే కట్టాలి. రసీదు ఇవ్వరు. రోజంతా పోస్టాఫీసు కౌంటరులో కూర్చుని పది రూపాయలకు కూడా రసీదు ఇచ్చేదాన్ని, నాకు ఇది మింగుడుపడలేదు. అడిగితే ఒక నోటు పుస్తకంలో నా పేరు రాసి, ఎదురుగా అంకె వేసి, "చూడండమ్మా, రాశాను కదా" అన్నారు. ఆ పుస్తకం ఆవిడ దగ్గరే ఉంటుంది. మోసం జరుగుతుందని కాదు, జరగదు కూడా. కానీ డబ్బు తీసుకున్నవాళ్లు కాగితం ఇవ్వాలి. ఇది ఇంతటితో వదిలేస్తాను.

పొద్దున పదిన్నరకు ఒక బ్యాచి, సాయంత్రం అయిదున్నరకు ఒకటి, రెండేసి గంటలు. ఆదివారం సెలవు. ఉద్యోగాలు చేసేవాళ్లం, కాలేజీ పిల్లలు సాయంత్రం బ్యాచిలో ఉంటాం. ఈ మూడు నెలల్లో లోపలి లంగా, నైటీ, పంజాబీ డ్రెస్సు నేర్పుతారు. బ్లౌజు వేరే కోర్సు, దానికి వేరే డబ్బు. చాలామంది బ్లౌజు కోసమే వస్తారు. ఈ మూడూ అయ్యాకే బ్లౌజు అంటారు టీచరుగారు. అక్కడే సగం మంది వెనక్కి తిరిగి మెట్లు దిగిపోతారు.

నేను ఎందుకు చేరానో చెప్పాలి, ఎందుకంటే నా అభిప్రాయమంతా దాని మీదే ఆధారపడి ఉంది. నేను పొట్టి మనిషిని, వీపు వెడల్పు. రెడీమేడ్ దుకాణంలో ఛాతీకి సరిపోయేది ఎక్స్‌ఎల్. అది వేసుకుంటే భుజం కుట్టు మోచేతి వైపు దిగుతుంది, చేతులు వేళ్ల దాకా వస్తాయి, పొడవు పిక్కల దాకా. పోనీ పీసు కొని కుట్టిద్దామా అంటే మెడ ఎప్పుడూ ఒక పక్కకు జారుతుంది. రోజుకు యాభైసార్లు సర్దుకోవాలి. తిరిగి తీసుకెళితే, "వేసుకోగా వేసుకోగా అదే సర్దుకుంటుంది మేడమ్" అని దర్జీ జవాబు. నాకు తెలిసినంతలో గుడ్డ ఎప్పుడూ సర్దుకోలేదు. పైగా మా వైపు లైనింగు వేసిన టాప్ కుట్టుబడి గుడ్డ ఖరీదుతో పోటీ పడుతోంది. అంత డబ్బు పోసి, ఆఫీసులో నలుగురి ముందు మెడ సర్దుకుంటూ కూర్చోవడం కన్నా నేనే నేర్చుకుంటే పోలేదా అనుకున్నాను.

మొదటి రెండు వారాలు గుడ్డ ముట్టుకోనివ్వరు. ఇది తెలియక చేరిన పిల్లలు విసుక్కుంటారు. కాలి మిషన్ ముందు కూర్చోబెట్టి, సూదిలో దారం ఎక్కించకుండా, గీతల నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం మిషన్ పాదం (సూది దగ్గర గుడ్డను అదిమిపట్టే ఇనుప ముక్క) కింద పెట్టి, గీత వెంబడే తొక్కమంటారు. సూది కన్నాలు గీత మీద పడాలి. తర్వాత చదరాలు, మూల వచ్చినప్పుడు సూదిని కాగితంలోనే దించి ఉంచి, పాదం ఎత్తి, కాగితాన్ని తిప్పాలి. ఆ తర్వాత నత్తగుల్ల లాంటి చుట్లు. కష్టమంతా కాళ్లదే. చక్రం మన వైపు తిరగాలి. తొక్కు లయ తప్పితే అది వెనక్కి తిరుగుతుంది, దారం ఉంటే పుటుక్కున తెగుతుంది లేదా అడుగున చిక్కు పడుతుంది. అందుకే దారం లేకుండా నేర్పడం. కుడి చేత్తో చక్రాన్ని కాస్త మన వైపు లాగి, ఆ ఊపు అందుకుని పాదాలు ఆడించాలి. ఇది నోటితో చెబితే వచ్చేది కాదు, ఒక రోజు దానంతటదే వస్తుంది.

కరెంటు మోటారు బిగించిన మిషన్లు కూడా రెండున్నాయి, కానీ కొత్తవాళ్లను వాటి దగ్గరికి రానివ్వరు. కాలితో ఆపడం వచ్చినవాళ్లకే మోటారు అంటారు. నాకు ఇది సబబుగానే తోచింది. వేసవి సాయంత్రాల్లో కరెంటు పోయినప్పుడు మోటారు మిషన్ల వాళ్లు విసనకర్రలు పట్టుకుని కూర్చుంటే మేము కిటికీ వెలుగులో తొక్కుతూనే ఉన్నాం.

మిషన్ల పరిస్థితి మాత్రం బాగాలేదు. నల్లటి ఇనుప మిషన్లు, పాతవి, గట్టివి. వాటిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ నూనె వేసేవాళ్లు లేరు. ఎవరు ఎప్పుడు వేశారో తెలియదు. సూదులు మొద్దుబారే దాకా మార్చరు. అదే సూదితో ఒకరు జీన్సు గుడ్డ, ఇంకొకరు పల్చటి కాటన్ కుడతారు. సూదికి నంబరు ఉంటుందని, మామూలు కాటన్‌కు 14, మందం గుడ్డకు 16, పల్చటి దానికి 11 వాడాలని చెప్పేదీ టీచరుగారే, డబ్బాలో 16 తప్ప మరొకటి ఉంచనిదీ ఆవిడే. మీ సూదులు మీరు తీసుకెళ్లండి. పెద్ద ఖర్చు కాదు. పెట్టేటప్పుడు సూది మొదట్లో ఒక పక్క చదునుగా ఉంటుంది చూడండి, ఆ చదును ఎటు ఉండాలో మీ మిషన్‌ను బట్టి ఒకసారి అడిగి పెట్టుకోండి. తిరగేసి పెడితే కుట్టే పడదు.

ఇంకొక సంగతి ఇక్కడే నాకు తెలిసింది. గుడ్డ అడుగున దారం గుబురుగా చిక్కుపడితే అందరూ బాబిన్ కేస్ (అడుగుదారం ఉండే డబ్బీ) మరను తిప్పడం మొదలుపెడతారు. టీచరుగారు ఆ చేతిని ఒక్కటేస్తారు. అడుగున కనిపించే చిక్కుకు కారణం చాలాసార్లు పైదారమే. పాదం దించి ఉంచి దారం ఎక్కిస్తే బిగువు బిళ్లల మధ్యకు అది దిగదు, వదులుగా వచ్చి అడుగున పోగుపడుతుంది. పాదం ఎత్తి, దారం మొత్తం తీసి, మళ్లీ మొదటినుంచి ఎక్కిస్తే చాలు. ఇంట్లో మూలన పడేసిన మిషన్ "పాడైపోయింది" అనేవాళ్లు ముందు ఇది చేసి చూడండి.

ఇక ఈ క్లాసుకు నేను డబ్బు ఎందుకు దండగ అనుకోవడం లేదో చెబుతాను. కొలతలు.

కొలతలు తీసుకునే రోజు ఆవిడ ముందు నా నడుముకు ఒక నాడా కట్టారు, వదులుగా కాదు, బిగించీ కాదు. నడుము ఎక్కడుందో మనం అనుకునే చోట ఉండదట, నాడా తానే వెళ్లి ఆగిన చోట ఉంటుందట. పైన వేసుకున్న వదులు డ్రెస్సు మీద టేపు పెట్టరు. బిగుతు బనీను లాంటిది వేసుకుని రమ్మని ముందు రోజే చెబుతారు. ఛాతీ, నడుము, తుంటి చుట్టుకొలతలు, వీపు వెడల్పు, మెడ దగ్గర్నుంచి నడుము దాకా ముందొకటి, వెనకొకటి. అన్నీ రాశాక వెనక్కి నాలుగడుగులు వేసి నిలబడి, "అమ్మా, మీ కుడి భుజం అరంగుళం కిందికి ఉంది. మీ బ్యాగు ఎప్పుడూ జారిపోతుందా?" అన్నారు.

జారిపోతుంది. చిన్నప్పటినుంచీ నేను బ్యాగు ఎడమ భుజానికే తగిలించుకుంటాను, కారణం ఎన్నడూ ఆలోచించలేదు. ఎన్నో ఏళ్లుగా నాకు కుట్టిన దర్జీలలో ఒక్కరికీ ఇది కనబడలేదు. కనబడకపోవడానికి కారణం వాళ్ల కళ్లు కాదు, వాళ్ల కోత. మామూలుగా టాప్ గుడ్డను నిలువుగా ఒక మడత, అడ్డంగా ఒక మడత వేసి, నాలుగు పొరలుగా పెట్టి, పావు వంతు బొమ్మ గీసి ఒకేసారి కత్తిరిస్తారు. త్వరగా అయిపోతుంది, రెండు పక్కలూ అచ్చుగుద్దినట్టు వస్తాయి. మనిషి రెండు పక్కలూ ఒకటే అయితే ఏ ఇబ్బందీ లేదు.

లెక్క కూడా నాలుగో వంతు లెక్కే. నా ఛాతీ 38 అంగుళాలు. వదులుకు 3 కలిపితే 41. అందులో నాలుగో వంతు పదింపావు. పక్క కుట్లకు, రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి లోపల అంగుళంన్నర వదిలితే 11.75. భుజం వాలు ముప్పావు నుంచి అంగుళం. చంక గుండ్రం వెనకకన్నా ముందు పక్క అరంగుళం లోతుగా తవ్వాలి, చేతులు ముందుకే కదులుతాయి కనుక. ఈ లెక్కలు ఫోనులో ఏ వీడియో చూసినా దొరుకుతాయి. మా బ్యాచిలో ఒకమ్మాయి వీడియోలు చూసే అన్నీ నేర్చుకుని వచ్చింది, మా అందరికన్నా వేగంగా గీసేది. కానీ ఆ వీడియో ఆమె భుజం చూడలేదు కదా.

నా కోసం టీచరుగారు కాగితం మడత విప్పించారు. ముందు భాగం మొత్తం, రెండు భుజాలతో సహా, పెద్ద గోధుమరంగు కాగితం మీద గీయమన్నారు. ఎడమ భుజం వాలు ముప్పావు అంగుళం, కుడి భుజం అంగుళంపావు. భుజం కిందికి దించితే ఆ పక్క చంక గుండ్రం చిన్నదైపోతుంది, చెయ్యి పట్టేస్తుంది. అందుకని కుడి చంక అడుగును కూడా అదే అరంగుళం కిందికి జరపాలి. అప్పుడు గుండ్రం కొలత రెండు పక్కలా ఒకటే ఉంటుంది, చేతులు మాత్రం మామూలుగా ఒకే బొమ్మ మీద కత్తిరించుకోవచ్చు. వీపు భాగానికీ ఇదే పని. గంటలో అయిపోయే గీత నాకు రెండు సాయంత్రాలు పట్టింది. పక్కన కూర్చున్న పిల్లలు "అప్పా, ఇంకా కాగితమేనా?" అని నవ్వారు.

తర్వాత కోరా గుడ్డతో ఒక నమూనా టాప్. ఇది కూడా ఈ క్లాసు ప్రత్యేకత. వేసుకోవడానికి కాదు, పారేయడానికే కుట్టే టాప్. మెడ పట్టీ ఉండదు, అంచులు మడవరు, పెద్ద పెద్ద కుట్లతో జోడిస్తారు. వేసుకుని అద్దం ముందు నిలబడాలి. అద్దం గురించి తర్వాత చెబుతాను. మొదట పాత కోతతో, అంటే రెండు భుజాలూ సమానంగా ఉన్నట్టు కుట్టిన నమూనా వేయించారు. మెడ కింద నుంచి కుడి చంక వైపు ఏటవాలుగా రెండు ముడతలు. ఇన్నేళ్లూ నా ప్రతి డ్రెస్సు మీదా ఉన్నవే, ఇస్త్రీ సరిగ్గా లేదనుకున్నవి. టీచరుగారు కుడి భుజం కుట్టు మీద గుడ్డను రెండు వేళ్లతో అరంగుళం మేర పైకి పట్టుకున్నారు. ముడతలు లేవు. వదిలారు, మళ్లీ వచ్చాయి. పట్టుకున్నారు, పోయాయి. ఏమీ చెప్పలేదు, నాలుగుసార్లు అలా చేసి గుండుసూది గుచ్చి, సుద్దతో గీసి వెళ్లిపోయారు. 4,500 రూపాయలు అక్కడే గిట్టుబాటైపోయాయని నా లెక్క.

చేతులు బిగించడం కూడా బాగా నేర్పారు. చేతి పైభాగం గుండ్రం చంక గుండ్రం కన్నా సుమారు అంగుళం ఎక్కువ ఉంటుంది. తెలియనివాళ్లు ఆ మిగులును చివర కత్తిరించేస్తారు లేదా ఒక చోట కుచ్చుగా దోపేస్తారు. ఇక్కడ, పైభాగానికి దగ్గర దగ్గరగా రెండు వరసలు పెద్ద కుట్లు వేయించి, ఆ దారాల కొనలు నెమ్మదిగా లాగించి, గుడ్డను కుచ్చు కనబడకుండా లోపలికి తీయిస్తారు. ముందువైపు ఒక చిన్న గాటు, వెనకవైపు రెండు గాట్లు, చేతులు తారుమారు కాకుండా. ఆ పైన చేత్తో కచ్చా కుట్టు. గుండుసూదులతో సరిపెట్టనివ్వరు. కచ్చా కుట్టు మీద మిషన్ కుట్టు వేసి, చేతిని కిందికి, పైకి ఆడించి చూశాకే కచ్చా దారం తీయాలి. ఓపిక లేనివాళ్లకు ఇది పెద్ద శిక్ష. నాకు మాత్రం కౌంటరులో మనీయార్డరు ఫారాలు తిప్పిన చేతులు, హాయిగా ఉంది.

గుడ్డ విషయంలో ఒక సలహా. మొదటి అసలు టాప్‌కు నేను పొందూరు ఖద్దరు తీసుకున్నాను. మొదటిదానికే అంత మంచి గుడ్డా అని ఇంట్లో అన్నారు. కోరా గుడ్డ మీద ఒకసారి సరిచూసుకున్నాక భయమెందుకు? జీటీ రోడ్డు మీద దొరికే కాటన్ కూడా బాగానే ఉంటుంది, కానీ పొందూరు మన జిల్లాది, వెళ్లి తెచ్చుకోవడం నాకు సరదా. అక్కడి ఖద్దరు సంఘం 1949 నుంచి ఉంది. కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తి తీసుకుని, గింజ తీయక ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికిన నూలు అది. సన్నగా, మెత్తగా ఉంటుంది. కానీ కుట్టేవాళ్లకు రెండు చిక్కులు. చేత్తో వడికిన నూలు గనుక పోగు అన్ని చోట్లా ఒకే మందం ఉండదు, కత్తిరించిన అంచు ఇట్టే పోగులు వదిలేస్తుంది. రెండోది, నీళ్లు తగిలితే కుంచించుకుంటుంది. కత్తిరించే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, కొంచెం తడిగా ఉండగానే ఇస్త్రీ చేసి తెమ్మన్నారు. పడుగు పోగు నిలువుకు వచ్చేలా పరిచి, అంచు పొడవునా కాగితాన్ని అదే దిశలో పెట్టాలి. కాస్త ఏటవాలుగా పెట్టినా నాలుగు ఉతుకులకు టాప్ కాళ్ల చుట్టూ మెలికపడుతుంది. బజారులో కొన్న చవక టాపుల పక్క కుట్టు కొన్నాళ్లకు ముందుకు ఎందుకు వస్తుందో అప్పుడర్థమైంది.

ఎంత గుడ్డ కొనాలో కూడా లెక్క వేయించారు. టాప్ పొడవు 42 అంగుళాలు కావాలంటే ముందు, వెనక కలిపి 84. భుజం కుట్టుకు, కింద మడతకు కలిపి 90. గుడ్డ రెండున్నర మీటర్లు అంటే 98 అంగుళాలకు పైమాటే. 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉంటే చేతులు పక్కన మిగిలినదాంట్లోనే వస్తాయి. చేనేతలో పన్నా అన్నీ ఒకలా ఉండవు, తక్కువ పన్నా అయితే చేతులకు విడిగా ఇంకో అర మీటరు పైన కావాలి. దుకాణంలో అడగకుండా కొంటే ఇంటికొచ్చాక బాధపడాలి.

ఇప్పుడు ఓవర్‌లాక్ మిషన్. మొత్తం క్లాసుకు ఒక్కటి. కుట్టు లోపలి అంచులు పోగులు లేవకుండా దాని మీద కొట్టుకోవాలి, కాబట్టి అందరికీ అదే కావాలి, అందరికీ చివరి అరగంటలోనే కావాలి. రథసప్తమి నాడు అరసవిల్లి గుడి ముందు క్యూ గుర్తొచ్చింది. ఒక్కోసారి ఒక పక్క కుట్టు కొట్టుకునే సరికి ఏడున్నర అయ్యేది, మళ్లీ మర్నాడే. నా విసుగు చూసి టీచరుగారు ఫ్రెంచి కుట్టు నేర్పారు. ముందు రెండు ముక్కలను, వేసుకున్నప్పుడు లోపలికి ఉండే వైపులు ఒకదానికొకటి ఆనేలా పెట్టి, అంచుకు దగ్గరగా ఒక కుట్టు. తర్వాత ఆ అంచును సన్నగా కత్తిరించి, గుడ్డను తిప్పి, మంచి వైపులు కలిపి, పాత అంచు లోపల చిక్కుకునేలా ఇంకో కుట్టు. ఓవర్‌లాక్ అక్కర్లేదు, లోపలివైపు కూడా బయటివైపంత శుభ్రంగా ఉంటుంది. పొందూరు గుడ్డలాంటి పోగులు వదిలే సన్న గుడ్డకు అంతకన్నా మంచి కుట్టు లేదు. అయితే కోర్సు మొత్తంలో ఇది అందరికీ నేర్పరు. అడిగినవాళ్లకే. ఇదీ నా రెండో ఫిర్యాదు: ఈ క్లాసులో చాలా మంచి సంగతులు అడిగితేనే బయటికి వస్తాయి. నోరు లేని పిల్లలు నాలుగు మడతల కోతతోనే బయటికి వెళ్తున్నారు.

మూడో ఫిర్యాదు అద్దం. నిలువుటద్దం ఒక్కటుంది, దానికి ఎదురుగా ఓవర్‌లాక్ క్యూ. వీపు చూసుకోవడానికి రెండో అద్దం లేదు, పక్కవాళ్ల ఫోనులో ఫొటో తీయించుకోవాలి. తెర ఉంది కానీ సగం రింగులు ఊడిపోయాయి. ఆడవాళ్లే ఉండే క్లాసు కాబట్టి సర్దుకుపోతున్నాం.

కాజాలు నేర్పలేదు. గుండీల మెడ టాప్ కుట్టుకుందామనుకుంటే, "బజారులో కాజాలు కొట్టేవాళ్లు ఉన్నారు కదమ్మా" అన్నారు. ఉన్నారు. కానీ నేర్పుతామన్న జాబితాలో కాజాలు ఉన్నాయి. రథసప్తమికి మూడు రోజులు మూసేశారు, ఊరంతా జనం కనుక అర్థం చేసుకోవచ్చు, కానీ ఆ రోజుల బదులు క్లాసులు పెట్టలేదు.

మా బ్యాచిలో సగం మంది సొంత బట్టల కోసం కాదు, బతుకుదెరువు కోసం వచ్చారు. వాళ్లకు ఈ క్లాసు సరైనదేనా అంటే నేను ఆలోచించమంటాను. ఇక్కడ వేగం నేర్పరు. రోజుకు నాలుగు నైటీలు కుట్టి ఇవ్వాల్సినవాళ్లకు నా భుజం కథ పనికిరాదు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాల్లో కుట్టుపని ఉచితంగా నేర్పుతారు, భోజనం కూడా వాళ్లదే, కానీ రోజంతా అక్కడ ఉండాలి. దర్జీ పని ఇప్పటికే చేస్తున్నవాళ్లయితే 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తుల్లో దర్జీ వృత్తి కూడా ఉంది, శిక్షణతో పాటు పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. ఈ మేడ మీది క్లాసు ఇచ్చే కాగితం వేటికీ పనికిరాదని టీచరుగారే చెబుతారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. అసలు ఆ కాగితం ఎవరికీ ఇచ్చినట్టు నేను చూడలేదు కూడా.

టీచరుగారి స్వభావం గురించి రెండు మాటలు. కోపం ఒక్క విషయంలోనే వస్తుంది. గుడ్డ కత్తెరకు ఎర్ర దారం కట్టి ఉంటుంది, దానితో కాగితం కత్తిరిస్తే ఆ రోజు ఇంక మీతో మాట్లాడరు. కుట్టు విప్పమని చెప్పడానికి మాత్రం అస్సలు మొహమాటపడరు. "విప్పేయండమ్మా" అని నవ్వుతూ అనేసి పక్కవాళ్ల దగ్గరికి వెళ్తారు. ఆ మాట విన్నవాళ్లు చుట్టూ చూస్తారు, ఇంకెవరికైనా చెప్పారేమోనని.

వెళ్లేవాళ్లు తీసుకెళ్లాల్సినవి: 60 అంగుళాల టేపు, కొత్తది, ఎందుకంటే పాత టేపులు సాగిపోయి ఉంటాయి. సొంత గుడ్డ కత్తెర. 11, 14 సూదులు. రెండు బాబిన్లు, క్లాసువి ఎప్పుడూ వేరే రంగు దారంతో నిండి ఉంటాయి. నమూనాకు కోరా గుడ్డ. మిషన్ వెంటనే కొనకండి. ఇంట్లో ఉండేది కాలి మిషన్ అయితే అదే బాగుచేయించుకోండి, తేలికపాటి ప్లాస్టిక్ మిషన్ల జోలికి వెళ్లవద్దని టీచరుగారి మాట. నేను మా అత్తగారి పాత మిషన్‌కు బెల్టు మార్పించాను, నూనె నేనే వేశాను, బ్రహ్మాండంగా నడుస్తోంది.

పొందూరు టాప్ ఇప్పుడు వారానికోసారి ఆఫీసుకు వేసుకెళుతున్నాను. మెడ జారడం లేదు. కింది అంచు మాత్రం ఎడమ పక్కకన్నా కుడి పక్క కొంచెం దిగినట్టు నాకు అనుమానం, టీచరుగారికి చూపిస్తే టేపు పెట్టి సమానంగానే ఉందన్నారు.

బ్లౌజు కోర్సు వచ్చే నెల మొదలవుతుంది. చేరమని అడుగుతున్నారు. రెండో ఓవర్‌లాక్ మిషన్ కొంటే చేరతానని, ఈసారి డబ్బు రెండు వాయిదాల్లో కడతానని, ప్రతి వాయిదాకూ కాగితం కావాలని చెప్పాను. వాయిదాలకు ఒప్పుకున్నారు. మిగతా రెండింటి మీద ఇంకా ఏమీ తేల్చలేదు.